పప్పు ఉడకని నీళ్ళు

సింహాద్రిపురం అనగానే విశాఖపట్నం దగ్గర సింహాచలం పక్కన వుండే ఊరని భ్రమపడేవారు చాలామంది వున్నారు. నేను సెలవు ముగించుకుని రాగానే మా ఆఫీసులో ఒకాయన, "అప్పన్న ప్రసాదం ఏదండీ?" అని చెయ్యి చాచాడు. ఇది కడప జిల్లాలోదనీ, పులివెందులకు దగ్గరనీ, అక్కడి ప్రసాదం చీనీకాయలనీ చెప్పి, సంచీలోంచి రెండు తీసి ఇచ్చాను. భూగోళం విషయంలో ఆయనకు నమ్మకం కుదిరిందో లేదో గాని, కాయలు మాత్రం పుచ్చుకున్నాడు.

సింహాద్రిపురం మా అత్తవారి ఊరు. అందుచేత ఈ వ్యాసంలో కాస్త పక్షపాతం కనిపిస్తే పాఠకులు పెద్దమనసుతో సరిపెట్టుకోవాలి.

రైలులో వెళ్ళేవారికి ముద్దనూరులో దిగడం సుఖం. కడప దాటాక ఎర్రగుంట్ల వస్తుంది. దాని చుట్టుపక్కలంతా సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ తరువాత కలమళ్ళ దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం పొగగొట్టాలు, ఎవరో ఆకాశానికి ఆనించిపోయిన రోకళ్ళలాగా నిలబడి వుంటాయి. 1994లో మొదటి యూనిట్ నడక మొదలుపెట్టిన కేంద్రం అది. ఈ పొగగొట్టాలను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. వాటితో మనకు తరువాత పని వుంది.

ముద్దనూరులో దిగింది మొదలు మనతో కూడా వచ్చేది రాయి. చేనిగట్టు రాయి, పశువుల తొట్టి రాయి, ఇంటి మెట్టు రాయి, మిద్దెకప్పు రాయి. కంచె వెయ్యాలంటే ఇతర జిల్లాలవారు ముళ్ళకంప కోసం వెతుక్కుంటారు. ఇక్కడ నాపబండలు వరసగా నిలబెట్టి చేతులు దులుపుకుంటారు. మీ వంటింటి గట్టు నల్లటి కడప బండైతే, మీరు ఈ ప్రాంతాన్ని ఇదివరకే తాకి చూశారన్నమాట. ఆ బండ సున్నపురాయి జాతి. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ దిక్కున వుండే మరొక పాత రాతిపొరకు వేంపల్లె పేరే పెట్టారు. అందులో సున్నంతోపాటు మెగ్నీషియం కూడా వుంటుంది. దాని వయస్సు నూరు కోట్ల సంవత్సరాల పైమాటే. అంత ముసలి రాయిని మన ఇంటి ముందర పశువుల తొట్టిగా పడుకోబెట్టామంటే కొంచెం సంకోచంగానే వుంటుంది.

రాళ్ళ మధ్య పచ్చదనం లేదనుకోకండి. నల్లరేగడి చేలల్లో చలికాలం శనగ కంటికింపుగా వుంటుంది. చీనీతోటలు, అరటితోటలు సరేసరి. పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద జలాశయం వచ్చాక కొంత మేలు జరిగిందంటారు. కాని తోటల ప్రాణం చాలావరకు బోర్లమీదే వుంది. వందల అడుగుల లోతునుంచి, రాతి సందుల్లోనుంచి మోటారు నీళ్ళను పైకి లాగుతుంది. ఆ నీళ్ళు అద్దంలాగా తళతళలాడతాయి. దోసిట పట్టి చూస్తే వంకపెట్టడానికి ఏమీ కనిపించదు.

మా అత్తగారు మాత్రం వంకపెడతారు. ఆ నీళ్ళతో ఆమె ఏనాడూ పప్పు వెయ్యలేదు. పూర్వం ఊరికవతల మంచినీళ్ళ బావినుంచి వంటకు వేరే బిందె తెప్పించేవారట. ఇప్పుడు ఫిల్టరు నీళ్ళ క్యాను కొంటున్నారు. "బోరునీల్లలో కందిపప్పు వేస్తే కుక్కరు గొంతు చించుకున్యా గింజ గింజగానే వుంటాది నాయనా" అంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి చేత నాలుగు మాటలు పడి నేర్చుకున్న శాస్త్రం అది. నీళ్ళలోని సున్నమూ, మెగ్నీషియమూ గింజలోని పెక్టిన్ అనే పదార్థాన్ని పట్టుకుని బిగించేస్తాయి, అందుకే మెత్తబడదు అని రసాయనశాస్త్రం చెబుతుంది. ఆమెకు ఆ పేర్లు తెలియవు. పప్పు తెలుసు.

ఇక మా బావమరిది కారు సంగతి. అది ముప్ఫై ఏళ్ళ చిన్న కారు. ఏ కంపెనీదో చెప్పను. ముప్ఫై ఏళ్ళ బిడ్డకు వచ్చిన జబ్బుకు కన్నవాళ్ళను అనడం న్యాయం కాదు. పల్లెటూళ్ళలో పాత చిన్న కార్లు ఇన్ని ఎందుకున్నాయంటే దానికొక చరిత్ర వుంది. ఒకప్పుడు మధ్యతరగతి సంసారికి కారంటే మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డు, లేకపోతే బొంబాయిలో తయారైన ఫియట్టు. ఫియట్టే తరువాత ప్రీమియర్ పద్మిని అయింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు చేతులు మారిన తరువాత కథ మారిపోయింది. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, మా బావమరిదివంటి రైతులు కూడా కారు మాట ఎత్తసాగారు. 2010 ఏప్రిల్‌లో కాలుష్యం నిబంధనలు బిగించినప్పుడు హైదరాబాదుతో సహా 13 నగరాల్లో దాని అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగింది. నగరాలు వద్దన్న చిన్న కార్లన్నీ మెల్లిగా ఇట్లాంటి ఊళ్ళకు చేరాయి, పెన్షను పుచ్చుకున్నవాళ్ళు సొంత ఊరు చేరినట్టు.

మా అత్తవారింట్లో ఆ కారుకు ఇంటి మనిషి హోదా వుంది. మూడేళ్ళ క్రితం అర్ధరాత్రి మా మామగారికి గుండెనొప్పి వస్తే పులివెందుల ఆసుపత్రికి చేర్చింది అదే. ఆయన ఇవాళ అరుగుమీద కూర్చుని మనవడికి ఎక్కాలు చెప్పగలుగుతున్నారంటే ఆ రాత్రి అది దారిలో మొరాయించకపోవడమే కారణం. అందుకే పాతయినుము వ్యాపారి వచ్చి బేరమాడినప్పుడల్లా మా మామగారు, "దాన్ని అమ్మేదిల్యా" అని ఒక్క మాటతో పంపించేస్తారు.

మొన్న మే నెలలో మా అత్తగారి కంటి శుక్లానికి పులివెందులలో ఆపరేషన్ నిర్ణయించారు. పొద్దున పది గంటలకల్లా వుండాలి. ఎండ అప్పటికే పెనంమీద వున్నట్టుంది. ఆ నెలలో 43, 44 డిగ్రీలు ఆ జిల్లాకు పెద్ద విశేషం కాదు. బయలుదేరే ముందు మా బావమరిది బానెట్ ఎత్తి, డిక్కీలోని అయిదు లీటర్ల డబ్బాతో రేడియేటరులో నీళ్ళు పోశాడు. అవి తోటలోని బోరునీళ్ళు. "రెండు దినాలకొకసారి పోయాల్సి వస్తాంది బావా. కింద చూస్తే సుక్క కారింది ల్యా" అన్నాడు.

పైన నీళ్ళు తగ్గుతున్నాయి, కింద చుక్క పడటం లేదు. మరి నీళ్ళు ఎటు పోతున్నట్టు? నాకు అప్పటినుంచే మనసులో పురుగు తొలుస్తున్నది. కారు కదిలినప్పుడు వెనక తెల్లటి పొగ పల్చగా లేచింది. వేసవి పొద్దున అంత ఆవిరి రావలసిన అవసరం లేదు.

సగం దారి బాగానే వెళ్ళాం. తరువాత వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు నడవసాగింది. మా అత్తగారు, "ఏందో మాడినట్టు వాసనొస్తాంది" అన్నారు. వంటింటి ముక్కు ఇంజనును కూడా పసిగడుతుంది. మరి రెండు నిమిషాలకు బానెట్ అంచులనుంచి గుప్పున ఆవిరి లేచింది. కారు ఒక చీనీతోట పక్కన వేపచెట్టు కింద ఆగిపోయింది.

తోటలోని కుర్రవాడు పాపం సహాయబుద్ధితో బిందెడు చన్నీళ్ళు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. అదే సమయానికి చీనీకాయల లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు కిందికి దూకుతూనే, "పొయ్యాకు! పొయ్యాకు! హెడ్డు పగుల్తాది!" అని కేక పెట్టాడు. మూత తీయబోతున్న మా బావమరిది చెయ్యి కూడా పట్టుకుని ఆపాడు. ఆ మహానుభావుడి పేరు అడిగే వ్యవధి లేకపోయింది.

మూత తీయరాదనడానికి కారణం మన గృహిణులందరికీ తెలిసిందే. రేడియేటరు మూత ప్రెషర్ కుక్కరు మూతకు తమ్ముడు. లోపల వొత్తిడి నిలబెట్టి, 100 డిగ్రీల దగ్గర మరగవలసిన నీళ్ళను సుమారు 118 డిగ్రీల దాకా మరగకుండా ఆపుతుంది. ఆ స్థితిలో మూత తిప్పితే వొత్తిడి పోయి, నీళ్ళన్నీ ఒక్క పెట్టున ఆవిరై మొహాన కొడతాయి. కూత ఆగకముందే కుక్కరు తెరిచేవారు ఎవరైనా వున్నారా? కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మగవాళ్ళందరికీ ఆ తొందర వస్తుంది.

మా అత్తగారిని ఆటోలో ఎక్కించి మా ఆవిడను తోడిచ్చి పంపాం. ఆపరేషన్ సకాలంలోనే, సలక్షణంగా జరిగింది. మేమిద్దరం కారును తాడుకట్టి లాగించుకుంటూ పులివెందుల చేరాం. దారిపొడుగునా మా బావమరిది మాట్లాడలేదు. చివరకు ఒక్క మాట అన్నాడు: "ఆ పొద్దు రాత్రి నాయన వుండంగ ఇట్ల ఆగింటే?"

నేనేమీ జవాబు చెప్పలేకపోయాను.

మెకానిక్ షెడ్డులో వున్నాయనను అందరూ భాయ్ అంటారు. మనిషి మాటకారి కాదు. నూనెకడ్డీ తీసి చూశాడు. నల్లగా వుండవలసిన నూనె మజ్జిగ కలిపినట్టు వుంది. రేడియేటరు చల్లారాక నీళ్ళు నింపి, మూత పెట్టకుండా ఇంజను తిప్పించాడు. నీళ్ళలో బుడగలు వచ్చాయి. "గ్యాస్కిట్ పోయింది. హెడ్డు దించాల" అన్నాడు. డాక్టరు నాడి చూసి మందుచీటీ రాసినంత తేలికగా అన్నాడు గాని, మాకు గుండె జారింది.

ఈ గ్యాస్కెట్ అనేదాన్ని గురించి రెండు మాటలు. ఇంజనులో కింద సిలిండర్లుండే దిమ్మను బ్లాకు అంటారు. పైన మూతలాంటిది హెడ్డు. రెంటికీ మధ్య పల్చటి రేకులాంటి అట్ట వుంటుంది. కుక్కరు మూతకు రబ్బరు గ్యాస్కెట్ ఎట్లాగో దీనికది అట్లాగ. కాకపోతే కుక్కరు గ్యాస్కెట్ ఆవిరిని ఒక్కదాన్నే కాయాలి. ఇది మూడింటిని కాయాలి: పెట్రోలు మంటను, నీళ్ళను, నూనెను. మూడింటి దారులూ పక్కపక్కనే వున్నాయి. ఒకటి మరొకదాన్లో కలవరాదు. మూడు వియ్యాలవారిని ఒకే విడిదిలో దింపి తగవు రాకుండా చూసే పెళ్ళిపెద్ద ఉద్యోగం అది.

అట్టకు ఇంకో చిక్కు వుంది. ఇట్లాంటి చిన్న కార్లు చాలావాటిలో బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకంటే సుమారు రెండింతలు సాగుతుంది. బండి వేడెక్కినప్పుడల్లా హెడ్డు ఒక కొలతకు, బ్లాకు ఒక కొలతకు సాగితే మధ్యనున్న అట్ట నలుగుతూ వుంటుంది. మామూలు వేడికి అది ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది. హద్దు మీరితే హెడ్డు వంకర తిరుగుతుంది. వంకర అంటే కంటికి కనిపించేది కాదు. చాలా ఇంజన్లకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అంటే తలవెంట్రుక మందంకన్నా తక్కువ, దాటితేనే పనికిరాదంటారు. ఆ సందులోంచి నీళ్ళు సిలిండరులోకి పోయి ఆవిరై, పొగగొట్టంలోంచి తెల్లగా బయటికి వస్తాయి. కింద చుక్క కారకుండా నీళ్ళు మాయమైన రహస్యం ఇదే.

మర్నాడు హెడ్డు దించేటప్పుడు నేను దగ్గరే వున్నాను. గ్యాస్కెట్ ఒకచోట నల్లగా కాలి తెగివుంది. నేరస్థుడు దొరికాడనుకుని నేను దానివైపు చూస్తుంటే, భాయ్ అటు చూడనేలేదు. హెడ్డులో నీళ్ళు తిరిగే రంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టి గీకాడు. తెల్లటి పెచ్చు ఊడి అరచేతిలో పడింది. నిజంగా రాయి. కొన్ని రంధ్రాలు పెన్సిల్ పట్టనంత ఇరుకైపోయాయి.

"అన్నా, నీల్లు యాడివి పోస్తాండారు?"

"మా తోట బోరువే."

"అదే మల్ల. ఇది ఇంజన్ కాదన్నా, సున్నపు బట్టీ."

ఆ తెల్ల పెచ్చు మనకు కొత్తది కాదు. వేణ్ణీళ్ళ తప్పేలా అడుగున రోజూ చూసేదే. వాననీరు రాతిలోకి ఇంకి సున్నాన్ని కరిగించుకుంటుంది. కరిగినంతసేపూ కంటికి కనిపించదు. కాగబెడితే దానిని పట్టివుంచిన బొగ్గుపులుసు గాలి ఎగిరిపోయి, సున్నం మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే ఎక్కువ పేరుకుంటుంది. ఇంజనులో అన్నిటికన్నా వేడి చోటు హెడ్డు. చల్లదనం అవసరమైనచోటే దుప్పటి కప్పినట్టు! ఇత్తడితో పోలిస్తే ఆ పెచ్చు వేడిని ఏ యాభయ్యోవంతో మాత్రమే సాగనిస్తుంది. రేడియేటరు ఇత్తడి గొట్టాలలో పల్చని పొర కట్టినా చాలు, గాలి ఎంత వీచినా లోపలి వేడి బయటికి రాదు.

నాకప్పుడు కలమళ్ళ పొగగొట్టాలు గుర్తుకొచ్చాయి. అంత పెద్ద విద్యుత్కేంద్రంలో బాయిలరుకు ఏ నీళ్ళు పడితే అవి పోయరు. లవణాలన్నీ తీసేసి, పరీక్షచేసి మరీ పంపిస్తారు. బాయిలరు గొట్టాలలో సున్నం కడితే గొట్టం కాలి పగులుతుంది. ఆ జాగ్రత్త ఇంజనీర్లకు తెలుసు, మా అత్తగారికి తెలుసు. మధ్యలో వున్న మా బావమరిది కారుకే ఎవరూ చెప్పలేదు.

పోనీ ఇంతకాలం మెకానిక్కులెవరూ చూడలేదా అంటే, చూశారు. వెనకటికొకాయన "ఈ ఎండల ఊర్లో ఇదెందుకు?" అని థర్మోస్టాట్ పీకి పారేశాడట. ఇంజను వేడి ఒక మట్టానికి వచ్చాక తలుపు తెరిచి నీళ్ళను రేడియేటరుకు పంపే సాధనమది. మరొకాయన ఫ్యానుకు నేరుగా స్విచ్చి పెట్టాడు. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

హెడ్డును లేత్ మిషన్ వాళ్ళ దగ్గర చదును చేయించాం. రేడియేటరు తొట్లు ఊడదీసి గొట్టాలలో కడ్డీలు తోసి శుభ్రం చేయించాం. హెడ్డు మళ్ళీ బిగించేటప్పుడు భాయ్ పని చూడముచ్చటగా వుంది. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోడు. నడిమి బోల్టునుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, మూడు విడతలుగా, బలం కొలిచే రెంచితో బిగించుకుంటూ వచ్చాడు. అంతసేపూ ఎవరు పలకరించినా వినిపించుకోలేదు.

గ్యాస్కెట్ వెల కొన్ని వందలు. దానిని చేరుకోవడానికి, చుట్టూ బాగుచేయించడానికి వేలు అయ్యాయి. పాతయినుము వ్యాపారి ఇస్తానన్న దానిలో సగం ఖర్చు అక్కడే తేలింది. మా బావమరిది డబ్బు లెక్కపెడుతూ కొంచెం తటపటాయించాడు. నేనూ చిన్న ఉపన్యాసం ఇవ్వబోయాను గాని, అవసరం లేకపోయింది. మామగారు ఫోనులోనే, "కట్టెయ్" అన్నారట.

భాయ్ చివరి మాటగా చెప్పింది ఇది: కూలెంటు పొయ్యండి, కలపడానికి బ్యాటరీకి పోసే డిస్టిల్డు నీళ్ళు వాడండి, ఎక్కడా దొరకకపోతే ఫిల్టరు నీళ్ళైనా నయం, బోరునీళ్ళు మాత్రం చుక్క ముట్టించవద్దు. కూలెంటు చలిదేశాలలో నీళ్ళు గడ్డకట్టకుండా పోసేది గదా, మనకెందుకని చాలామంది అనుకుంటారు. దానివల్ల నీళ్ళు మరిగే మట్టం కొంచెం పెరుగుతుంది. లోపలి లోహం తుప్పు పట్టకుండా వుంటుంది. మనకు కావలసింది ఆ రెండోది. అయితే అది విషం, పైగా రుచికి తియ్యగా వుంటుంది. పిల్లలున్న ఇంట్లో అటకమీద పెట్టవలసిన వస్తువు.

కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మా అత్తగారు ఈ కథంతా శ్రద్ధగా విన్నారు. భాయ్ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన తెల్ల పెచ్చును వేళ్ళతో తడిమి చూశారు. తరువాత కొడుకు వైపు తిరిగి, "నేను పప్పుకు పోయని నీల్లు దానికి పోసినారా మీరు?" అని అడిగారు. బావమరిది పశువులకు మేత వెయ్యాలని చెప్పి లేచిపోయాడు.

ఇప్పుడు వాళ్ళ వంటింటి వసారాలో రెండు నీళ్ళ క్యాన్లు వున్నాయి. రెండోదానిమీద మా బావమరిది సుద్దతో "కారు" అని పెద్ద అక్షరాలతో రాశాడు. అది వట్టి మంచినీళ్ళే, కూలెంటు డబ్బా అటకమీదే వుంది. నేను బయలుదేరే రోజు పొద్దున చూద్దును గదా, వంటక్యాను నిండుకున్నదని మా అత్తగారు కారు క్యానులోంచి రెండు చెంబులు వంచుకుని పప్పు పొయ్యిమీద పెడుతున్నారు.